బుడాన్ బావ చూసిన పీతల పడవలు

ఆ రోజు పొద్దున ఇంట్లో బుడాన్ బావ చేసిన చివరి పని రిమోట్‌కు రబ్బరు బ్యాండు వేయడం. దాని వెనక మూత ఎప్పుడో పోయింది. బ్యాటరీలు జారకుండా రెండు చుట్లు చుట్టి, టీవీ మీద పెట్టి, టిఫిన్ క్యారేజీ తీసుకుని బయల్దేరాడు. అంతకు ముందు టీవీలో పీతల పడవల కార్యక్రమం చూస్తూ చద్దన్నం తిన్నాడు. సౌండు పూర్తిగా తగ్గించి చూశాడని మా అక్క కరీమున్ తర్వాత చెప్పింది.

"పెట్టుకోవచ్చు గదయ్యా సౌండు, ఎవరు పడుకున్నారిక్కడ" అన్నదట అక్క.

"చూడ్డానికి సౌండెందుకే" అన్నాడట.

ఎనిమిదిన్నరకు మార్టూరు హైవే పక్కనున్న గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిలో దిగాడు. పదకొండు దాటిన కాసేపటికి రెండు రాతి పలకల మధ్య నలిగి చనిపోయాడు. 2007 డిసెంబరు, రెండో బుధవారం. ఆయనకు నలభై ఐదేళ్ళు.

మేము నూర్‌బాషాలం. పేర్లు ముస్లిం పేర్లే గానీ ఇంట్లో మాట తెలుగు. బావ వాళ్ళ నాన్న దూది ఏకే విల్లు భుజాన వేసుకుని చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పరుపులు కుట్టేవాడు. బావ కూడా ముప్పై అయిదేళ్ళ దాకా అదే పని చేశాడు. మా అక్కను చూడటానికి వచ్చిన రోజు ఆయన కనుబొమల మీద దూది పింజలు ఉన్నాయని మా అమ్మ చివరిదాకా చెప్పుకుని నవ్వేది. తర్వాత ఫోము పరుపులు వచ్చాయి. ఆ మీద పత్తికి పురుగు పట్టి ఊళ్ళకు ఊళ్ళు కుదేలయ్యాయి. కొత్త పరుపు కుట్టించుకునే ఇల్లు లేకుండా పోయింది. 1998లో విల్లును అటక మీద పడేసి, అక్కను, ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని మార్టూరు వచ్చేశాడు.

"దూది నుంచి రాయికొచ్చా పంతులూ. బరువు కొంచెం పెరిగింది, అంతే" అనేవాడు నాతో.

నేను ఆయనకు బామ్మర్దినే గానీ ఎప్పుడూ పంతులూ అనే పిలిచేవాడు. చిలకలూరిపేట దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ పండిట్‌ని నేను.

ఫ్యాక్టరీలో ఆయన ముఠా పని పలకలను లారీలకెక్కించడం. నలుగురు మనుషులు. బావ మేస్త్రీ. క్రేను బటన్ల దగ్గర మరియదాసు, అందరిలోకి పెద్దవాడు. పలక పట్టుకోవడానికి బుల్లయ్య, మరియదాసు అల్లుడు ప్రసన్నకుమార్. పాలిష్ అయిన పలకను క్రేను గొలుసుకు తగిలించి లేపుతారు. లారీలో ఇనప స్టాండుకు ఆనించి నిలువుగా దించుతారు. అది జారకుండా, పక్క పలకకు రాసుకోకుండా మధ్యలో చెక్కముక్కలు పెట్టాలి. అవి పెట్టేవాడు రెండు పలకల మధ్యకి దూరాలి. ఆ పని బావది. ఆయన బయటికి వచ్చాకే గొలుసు వదలాలి. లోపల ఉండగా వదిలితే మూడు వందల కిలోల రాయి ఆయన మీదికి వాలుతుంది.

మొదట్లో బయటున్న ఎవరో ఒకరు "కానీ" అని కేకేస్తే మరియదాసు గొలుసు వదిలేవాడు. మార్టూరులో అన్ని ముఠాలూ అట్లాగే చేస్తాయి. కేకేసినవాడు తన సంగతి చూసుకుని కేకేస్తాడు. మిగతావాళ్ళు ఎక్కడున్నారో వాడికి పట్టదు. పక్కన కోత మిషన్ల రొదలో ఇంకో మాట చెప్పే వీలుండదు. బుల్లయ్య కుడికాలి రెండు వేళ్ళు అట్లాగే పోయాయి. అప్పటి నుంచి అక్క బావను ఆ పని మానేయమని పోరుపెట్టేది. మళ్ళీ పరుపులు కుట్టుకుందాం, మిషను నేను తొక్కుతా అనేది.

2006 ఎండాకాలంలో బావ పాత కలర్ టీవీ ఒకటి కొన్నాడు. క్రికెట్ కోసం ఛానెళ్ళు తిప్పుతుంటే ఈ కార్యక్రమం తగిలింది. ఎక్కడో ప్రపంచం చివర మంచు సముద్రం. ఇంటి కప్పంత అలలు. ఆ అలల్లో ఆరేడు పడవలు పీతల కోసం పోతాయి. మంచం కన్నా పెద్ద ఇనప బోన్లు, లోపల ఎర పెట్టి సముద్రంలోకి వదులుతారు, మళ్ళీ క్రేనుతో లేపుతారు. నారింజరంగు రబ్బరు కోట్లు తొడుక్కున్న మనుషులు ఆ బోన్ల మధ్య కాళ్ళు జారుతూ పనిచేస్తారు. బోను ఊగి ఒకడి దవడ పగులుతుంది. ఒకసారి పడవకు పడవే తిరిగి రాలేదు. ఎవరూ నటించడం లేదు, అది వాళ్ళ బతుకు. కెమెరా పట్టుకున్నవాడు కూడా తడిసిపోయే ఉంటాడు.

ఆదివారం పదకొండింటికి వారమంతా వేసినవి మళ్ళీ వేసేవాళ్ళు. రెండు నెలలు తిరిగేసరికి ముఠా మొత్తం ఆ వేళకు అక్క ఇంట్లో ఉండేది. మరియదాసు చర్చి నుంచి నేరుగా, బైబిలు సంచీతో సహా వచ్చేవాడు.

"మనమే రా అది. కాకపోతే నీళ్ళలో" అనేవాడు బుల్లయ్య.

కార్యక్రమం హిందీలో వచ్చేది. ముఠాలో ఎవరికీ హిందీ రాదు. బుడాన్ అని పేరున్నవాడికి హిందీ రాకుండా ఎట్లా ఉంటుందని వాళ్ళ నమ్మకం. నిజానికి బావకు 'పానీ' తప్ప ఇంకో ముక్క రాదు. కానీ వాళ్ళ నమ్మకాన్ని ఆయన చెడగొట్టలేదు.

నేను మొదటిసారి వెళ్ళిన ఆదివారం, తెల్లగడ్డం కెప్టెన్ ఒకాయన ఫోన్‌లో వాతావరణం కనుక్కుంటున్నాడు.

"ఇంటి దగ్గర్నుంచి. బియ్యం అయిపోయినయ్యంట" అన్నాడు బావ, గోడకు ఆనుకుని తీరిగ్గా.

"నడి సముద్రంలో ఉంటే బియ్యం సంగతేంది" అన్నాడు ప్రసన్నకుమార్.

"ఆడాళ్ళకు సముద్రమైతే ఏంది, సంత అయితే ఏంది" అన్నాడు మరియదాసు.

"నేను ఇక్కడే ఉన్నా అన్నా. వింటన్నా" అంది వంటింట్లోంచి అక్క.

నేను నవ్వు ఆపుకున్నాను. బావ నా వైపు చూసి ఒక కన్ను మూశాడు. ఏడాదిన్నర పాటు నేను నోరు విప్పలేదు. ఆయన చెప్పేది అసలు మాటల కన్నా బాగుండేది. ప్రతి పడవలోనూ ఒక అప్పుడే పెళ్ళయినవాడు, ఒక బద్ధకస్తుడు, అన్నతో మాటల్లేని తమ్ముడు ఉండేవాళ్ళు. ఒకసారి ఒక పనివాడు దవడ పట్టుకుని ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ పోయిందని కబురొచ్చిందన్నాడు బావ. ఆ పైవారం మరియదాసు వాళ్ళ చర్చి సంఘంలో ఆ కుటుంబానికి ఆదరణ కలగాలని ప్రార్థన చేయించాడు.

2006 దీపావళి వెళ్ళిన ఆదివారం బావ ఉన్నట్టుండి లేచి టీవీకి అడ్డంగా నిలబడ్డాడట. నేను లేను, బుల్లయ్య చెప్పిన సంగతి ఇది.

"విన్నారా కెప్టెన్ ఏమన్నాడో? బోను దగ్గర పనిచేసే ప్రతివాడూ వెనక్కొచ్చి చెయ్యెత్తాలంట. అందరి చేతులూ కనపడేదాకా క్రేను కదలకూడదంట."

"ఎత్తకపోతే?"

"గట్టున దింపేస్తాడంట. మనమూ రేపట్నుంచి అంతే."

బావ తన నోటితో చెప్పుంటే ఎవరూ వినేవాళ్ళు కాదేమో. మేస్త్రీ అయినా తమలాంటివాడే. కానీ తెల్లగడ్డం కెప్టెన్ మాట వేరు. మర్నాటి నుంచి పలక దించాక ముగ్గురూ వెనక్కి వచ్చి చెయ్యెత్తేవాళ్ళు. మరియదాసు మూడు చేతులు లెక్కపెట్టుకుని గొలుసు వదిలేవాడు. "ఏందయ్యా ఇది, బళ్ళో హాజరు లాగా. లారీ ఎప్పుడు నిండాలి" అని సూపర్‌వైజర్ విసుక్కుంటే, "కెప్టెన్ ఆర్డరు సార్" అనేవాడు బుల్లయ్య. ఏడాది గడిచింది. ముఠాలో ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. అక్క పరుపుల మాట ఎత్తడం మానేసింది.

2007 ఎండాకాలంలో అందరూ కుటుంబాలతో మినీ లారీలో ఓడరేవు బీచికి వెళ్ళారు. మార్టూరుకు సముద్రం ఎంతో దూరం కాదు, అయినా బావ చూడటం అదే మొదలు. కాసేపు నిలబడి, "ఇంత చిన్నగా ఉందేంది" అన్నాడు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గర కూర్చుని, పీతల కోసం మీరు ఎంత లోపలికి పోతారని అడిగాడు. "పీతలకా? వల్లో పడితే విదిలించి పారేస్తాం" అన్నాడు ఆయన. బావకు కోపం వచ్చింది. అక్క పీతలు కొని పెట్టిన పులుసు ఆ రోజు ముట్టుకోలేదు. "వీటి కోసం ఎంతమంది పోయారో మీకేం తెలుసు" అంటూ మజ్జిగన్నం తిన్నాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

2007 నవంబరులో, నేను రాసి హైదరాబాదు పత్రికకు పంపిన కథ ఒకటి తిరిగి వచ్చింది. అంతకు ముందు బావకు దాన్ని చదివి వినిపించాను. "బాగుంది గానీ ఇందులో ఎవరూ పని చెయ్యట్లేదేంది" అన్నాడు. కథ తిరిగొచ్చిన తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికి ముఠా అంతా ఉంది.

"మా పంతులు కథ హైదరాబాదు చూసొచ్చింది. ఊరు నచ్చలేదంట, తిరిగొచ్చేసింది" అన్నాడు బావ వాళ్ళతో.

అందరూ నవ్వారు. ఆయన ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం లోపల మండింది.

టీవీలో తెల్లగడ్డం కెప్టెన్ ఏదో చెప్తున్నాడు.

"కూతురికి సంబంధం చూస్తన్నాడంట" మొదలుపెట్టాడు బావ.

"సంబంధం లేదు, ఏమీ లేదు" అన్నాను నేను. "ఎర తక్కువైందంటున్నాడు."

అందరూ నా వైపు తిరిగారు. బుల్లయ్య సర్దుకుని కూర్చున్నాడు.

"పంతులు గారిది హిందీయే గదా, మర్చేపోయాం. మరి పోయినవారం తమ్ముడితో గొడవేంది సార్?"

"డీజిల్ గురించి. వాళ్ళు అన్నదమ్ములు కూడా కాదు."

"వాళ్ళమ్మ పోయిన మనిషి?" అన్నాడు మరియదాసు మెల్లగా.

"పన్ను నొప్పి."

అక్కడితో ఆగి ఉండొచ్చు. తర్వాతది ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను.

"చేతులెత్తమని కూడా ఎవరూ అనలేదు. మొదట్నుంచీ వింటూనే ఉన్నా. ఏ కెప్టెనూ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు."

బావ టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"నాకట్టా కనపడింది" అన్నాడు.

మరియదాసు బైబిలు సంచీ తీసుకుని లేచాడు. "మా సంఘం మొత్తం ఆ కుటుంబం కోసం మోకాళ్ళూనింది బుడానూ" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా మీద ఉంది.

సాయంత్రం బస్సెక్కించడానికి బావ నాతో హైవే దాకా నడిచాడు. రోడ్డు పక్క రాతిపొడి బురద ఎండి తెల్లగా ఉంది.

"ఈసారి వచ్చినప్పుడు సౌండు తీసేసి చూద్దాం పంతులూ" అన్నాడు.

"అలిగావా బావా?"

"అలిగేదేంది. చూద్దాం."

బస్సొచ్చింది. నేను అలకే అనుకున్నాను. ఆ తర్వాత ఆదివారాలు పరీక్ష పేపర్లు దిద్దాలని అక్కకు ఫోన్‌లో అబద్ధం చెప్పి వెళ్ళలేదు.

ఆ వారాల్లో ఫ్యాక్టరీలో జరిగింది బుల్లయ్య నాకు తర్వాత చెప్పాడు. మొదటి రోజే బావ చెయ్యెత్తితే బుల్లయ్య కూడా బళ్ళో పిల్లాడిలా ఎత్తి, "సార్, ఒంటేలు" అన్నాడట. మరియదాసు చేతుల వైపు చూడలేదు. కేక వినపడగానే గొలుసు వదిలాడు. ప్రసన్నకుమార్ నాలుగు రోజులు ఎత్తి, మామ చూడటం లేదని మానేశాడు. లారీలు తొందరగా నిండుతున్నాయని సూపర్‌వైజర్ సంతోషించాడు. బావ ఒక్కడే ప్రతి పలకకూ బయటికొచ్చి చెయ్యెత్తేవాడు. ఒకరోజు టీ దగ్గర అడిగాడట.

"టీవీ సంగతి వదిలెయ్యండి. నా కోసం ఎత్తండి. లోపలికి పోయేది నేను గదా."

"కెప్టెన్ చెప్తే ఎత్తుతాం మేస్త్రీ" అన్నాడు బుల్లయ్య.

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. మళ్ళీ అడగలేదు.

ఆ బుధవారం లారీకి ఎక్కిస్తున్నది ఆరో పలక. బుల్లయ్య తన వైపు పని చూసుకుని బయటికి దూకి "కానీ" అన్నాడు. బావ లోపల రెండో చెక్క పెడుతున్నాడు. మరియదాసు గొలుసు వదిలాడు.

నేను వెళ్ళేసరికి లారీ పక్కన పట్టా కప్పి ఉంచారు. ఆసుపత్రికి తీసుకెళ్ళే పని లేకపోయింది. కుడిచేతిలో చెక్కముక్క అట్లాగే ఉంది. వేళ్ళు విడదీయడానికి ప్రసన్నకుమార్ ఒక్కడి వల్ల కాలేదు, నేనూ పట్టాను. మరియదాసు క్రేను బటన్ల దగ్గరే నేల మీద కూర్చుని ఉన్నాడు.

"చేతులు చూసే అలవాటు పోయింది సార్. నెల కూడా కాలా. పోయింది" అన్నాడు.

పోలీసులు రాసిన కాగితంలో, పై అధికారులు వారించినా వినకుండా మృతుడు తన అజాగ్రత్త వల్ల పలకల మధ్యకు వెళ్ళాడని ఉంది. దాన్ని అక్కకు చదివి వినిపించింది నేనే. అజాగ్రత్త అన్న చోట అక్క నా ముఖంలోకి చూసింది. నేను చదవడం ఆపలేదు. చివర్న సాక్షుల దగ్గర ముఠాలో మిగిలిన ముగ్గురి సంతకాలున్నాయి. అక్క కూడా పెట్టింది.

నలభయ్యో రోజు ఫాతెహా అయ్యి చుట్టాలందరూ వెళ్ళాక, "టీవీ పాడైనట్టుందిరా, బొమ్మ వస్తంది గానీ మాట రావట్లా" అంది అక్క. రిమోట్ తీసుకున్నాను. రబ్బరు బ్యాండు వేలికి తగిలింది. సౌండు సున్నాలో ఉంది. నాలుగైదు గీతలు పెంచగానే హిందీ ఇల్లంతా నిండింది. "తియ్యి, తియ్యి" అంది అక్క రెండు చెవులూ మూసుకుని. ఆపేశాను. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు.

మరియదాసు ఫ్యాక్టరీ మానేశాడు. బుల్లయ్య ఇంకా అదే పనిలో ఉన్నాడు. అక్క పాత ఇంటి అటక మీంచి విల్లు దించింది గానీ అది ఎండి పగిలిపోయి ఉంది. పిల్లలతో చిలకలూరిపేట వచ్చి మా ఇంటి పక్క గదిలో మిషను కుట్టుకుంటోంది. నాతో మామూలుగానే మాట్లాడుతుంది. ఆ ఆదివారం గురించి ఒక్కసారే అడిగింది, కూర తరుగుతూ. "ఎందుకు చెప్పావురా అది." ఆమె తరగడం పూర్తి చేసి లేచి వెళ్ళింది.

2009 ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్ళాను. సాయంత్రం బ్రాడీపేటలో ఆటో కోసం నిలబడితే, వెనక టీవీల షాపు. అద్దం లోపల ఏడెనిమిది టీవీలు, అన్నింట్లో ఒకటే బొమ్మ. పీతల పడవ. అద్దంలోంచి శబ్దం రావడం లేదు. వెళ్ళిపోదామనుకుని కూడా నిలబడ్డాను.

అన్నాళ్ళూ వాళ్ళ మాటలు వినడానికే నాకు సరిపోయింది. ఇప్పుడు వినడానికి ఏమీ లేదు. నారింజరంగు కోట్లవాళ్ళు ముగ్గురు బోనుకు కొక్కెం తగిలించారు. ఇద్దరు వెనక్కి అడుగువేసి చేతులు పైకెత్తారు. మూడోవాడు వంగి తాడు సర్దుతున్నాడు. క్రేను దగ్గరున్నవాడు తల తిప్పి ఒకణ్ణి చూశాడు, రెండోవాణ్ణి చూశాడు, మూడోవాడి దగ్గర ఆగాడు. అల వచ్చి అందరి మీదా పడింది. అతను క్రేను కదపలేదు. మూడోవాడు లేచి వెనక్కొచ్చి చెయ్యెత్తాడు. అప్పుడు బోను లేచింది.

రెండు ఆటోలు నా ముందు ఆగి వెళ్ళిపోయాయి. నేను నిలబడినంతసేపట్లో ఏడు బోన్లు లేచాయి. ఏడుసార్లూ ముగ్గురూ చేతులెత్తారు. ఒక్కసారి కూడా ఎవరూ నోరు మెదపలేదు.